పద్నాలుగు అంగుళాలకు ఒక పురి

మీరు నమ్మే సంగతుల్లో ఒక్కదాన్నయినా మీ చేత్తో కొలిచి చూశారా?

తొందరపడి అవుననకండి. భూమి గుండ్రంగా ఉందని మీకు తెలుసు. కాని కొలిచినవాడు ఎవరో, మీరు విన్నారంతే. గుమ్మానికి కట్టిన నిమ్మకాయలో ఏ శక్తీ లేదని కూడా మీకు తెలిసే ఉంటుంది. అదీ విన్నదే. నేనూ మీకంటే మెరుగేం కాదు. ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు దంచాను. ఈ ప్రశ్న నన్ను మొదట అడిగింది విజయనగరంలో తుపాకులు బాగుచేసుకునే ఒక మేస్త్రి. ఆయన అడిగిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ మేస్త్రి ఈ మధ్యనే పోయాడు. పదో రోజు దాటాక కూతురు ఫోను చేసింది.

"మాస్టారూ, నాన్న కొట్టు కాళీ సేస్తన్నాం. పాత తలుపు సెక్కొకటి ఉన్నాది. దాన్నిండా కన్నాలూ, రాతలూను. పొయ్యిలో ఎట్టీమంటారా?"

"వద్దమ్మా, వద్దు. నేను వస్తున్నాను" అన్నాను. ఆ చెక్క ఇప్పుడు నా రాతబల్ల పక్కన గోడకు ఆనించి ఉంది. దానికి ఆరు కన్నాలు. అయిదు పొడుగ్గా తాళంచెవి కన్నాల్లా ఉంటాయి. ఒకటి మాత్రం సున్న చుట్టినట్టు గుండ్రంగా ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్లంతా ఇదేమిటని అడుగుతారు. నాకు చెప్పడం చేతకాదు. అందుకే రాస్తున్నాను.

మేస్త్రి కొట్టు కోట వెనక సందులో ఉండేది. లైసెన్సున్న తుపాకులు మాత్రమే ముట్టుకునేవాడు. బ్యాంకు కాపలావాళ్ల జోడు గొట్టాలు, పాత జమీందారీ ఇళ్లలో తాతల నాటి రైఫిళ్లు, కొండవార రైతులు పందుల్ని తోలడానికి ఉంచుకున్నవి అక్కడికి వచ్చేవి. ఆయనకు రెండు కళ్లజోళ్లు. ఒకటి మనిషిని చూడ్డానికి, ఒకటి గొట్టంలోకి చూడ్డానికి. మనం మాట్లాడుతుంటే రెండోది పెట్టుకునేవాడు. చెవి వెనక సుద్దముక్క. బల్ల మీద ఉక్కు కొలబద్ద. దాన్ని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి వీధి చివర దర్జీ టేపు తెప్పించి తన కొలబద్ద పక్కన పరిచి, అది సాగిపోయిందని తేల్చాడు. ఆ సాయంత్రమే వెళ్లి, "ఇన్నాళ్లూ ఊరందరికీ బిగుతు సొక్కాలు కుట్టినావు, సూసుకో" అని చెప్పి వచ్చాడు. దర్జీ ఆయనతో ఏడాది మాట్లాడలేదు.

ఏం చెప్పినా ఆయన జవాబు ఒక్కటే. "కొలిసేవా?"

ఎండ మండిపోతోందంటే, కొలిసేవా? ఈ ఏడు వానలు తగ్గాయంటే, కొలిసేవా? భార్య అన్నం వడ్డిస్తూ, "పులుసులో ఉప్పు సరిపోనాదా?" అని అడిగితే కూడా అదే మాట. ఆవిడ గరిటె కంచంలో పడేసి లోపలికి వెళ్లిపోయేది. అమ్మవారి జాతరలో పొడవాటి సిరిమాను తిరిగే రోజున ఆ జనంలో నన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్లేవాడు. "మాస్టారూ, మాను ఎన్ని మూరలుంటాదో కంటితో సెప్పండి సూద్దుం" అనేవాడు. నేను జాతర్ల మీద నిప్పులు కక్కడానికి వెళ్లిన మనిషిని. ఆయనకు అదేం పట్టేది కాదు. మాను పొడవు కావాలి.

మా తొలి పరిచయం నా సభలోనే జరిగింది. విజయనగరంలో చేతబడి, చిల్లంగి, దిష్టి ఒక్కొక్కటీ చీల్చి చెండాడాను. చప్పట్లు మోగాయి. ముందు వరసలోంచి ఒక సన్నపాటి మనిషి లేచి నిలబడ్డాడు.

"బాగా సెప్పేరు మాస్టారూ. నిమ్మకాయిలో ఏటీ నేదన్నారు గదా. కోసి సూసేరా?"

సభలో నవ్వులు. "అందులో చూడ్డానికేముంది, తెలిసిన విషయమే కదా" అన్నాను.

"అలగైతే మీరూ నమ్మీసినారన్నమాట" అని కూర్చున్నాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు ఆయన కొట్టు వెతుక్కుంటూ వెళ్లి పోట్లాడాను. అలా మొదలైంది స్నేహం. స్నేహమని నేనంటున్నాను. ఆయన్ని అడిగితే కొలిసేవా అనేవాడు.

ఇక ఆ చెక్క సంగతి. ఇది జరిగి ఆరేళ్లవుతుంది.

శ్రీముఖలింగం దాటాక వంశధార పక్కన ఒక ఊరు. ఊరి వెనక కొండ. వరి పొట్టకొచ్చే రోజుల్లో అడవి పందులు దిగి మడికి మడి దున్నేస్తాయి. ఆ ఊళ్లో ఒక ఆసామికి తాత నాటి విదేశీ రైఫిల్ ఉంది. పంటకాపలా లైసెన్సూ, పందుల్ని కొట్టడానికి అటవీశాఖ వారి కాగితమూ ఉన్నాయి. ఒకరోజు పందిని తరుముతూ ఆసామీ, అతని బావమరిదీ పక్క చేను తొక్కుకుంటూ పోయారు. ఆ చేను ఒక విధవరాలిది. ఆసామికి వరసకు అత్త. ఒంటరి మనిషి. మొలకెత్తిన పెసర చేను చాప పరిచినట్టయింది. ఆవిడ గట్టు మీద నిలబడి నలుగురూ వినేలా తిట్టింది.

"మీ తుపాకీ గుండు ముక్కు తిరిగిపోను!"

ఆ తర్వాతి వారం నుంచి గుండు నిజంగానే ముక్కు తిరిగింది. ఏ దెబ్బా తగలదు. ఒక్కటి తగిలింది గాని పంది పడలేదు, వెనక్కి తిరిగి బావమరిది తొడ చీల్చింది. ఆసామికి అనుమానం వచ్చి పశువులసాల పాత తలుపు చెక్క నిలబెట్టి మూడుసార్లు కాల్చాడు. మూడు కన్నాలూ పొడుగ్గా పడ్డాయి. అంటే గుండు మొనతో కాక పక్కకు పడుకుని తగిలింది. తాత కాలం నుంచీ ఎన్నడూ లేని చోద్యం. ఎవరో ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి మాట ఖాయమైపోయింది. ముసలిది చిల్లంగి పెట్టింది, మంత్రంతో తుపాకీకి కట్టు కట్టింది. ఆదివారం పంచాయితీ. ఒప్పుకుని ఊరొదిలి పోవాలి, లేదంటే పళ్లు రాలగొడతారు. చిల్లంగి మంత్రం పళ్లలో ఉంటుందట.

ఆ ఊరి టీచరమ్మ కబురు పెడితే శుక్రవారం వెళ్లాను. రామమందిరం అరుగు మీద నిలబడి గంటసేపు మాట్లాడాను. చిల్లంగి లేదు, మంత్రం లేదు, విజ్ఞానశాస్త్రం ఒప్పుకోదు. అంతా విన్నారు. తొడకు కట్టుతో మంచం మీద కూర్చున్న బావమరిది చెక్క వైపు చెయ్యి చూపించాడు.

"అలగే మాస్టారూ, సిల్లంగి నేదు. మరయితే ఈ కన్నం ఏటి?"

నేను చెక్క దగ్గరికి వెళ్లి కన్నంలోకి తొంగి చూశాను.

"గాలి ఎక్కువగా ఉండి ఉంటుంది" అన్నాను.

"గాలికి గుండు పడుకుంటాదేటి! ఒరే, మాస్టారికి మంచినీలియ్యండ్రా, కళ్లు తిరుగుతన్నట్టున్నాయి" అన్నాడతను. అందరూ నవ్వారు. ఆ విధవరాలు దూరంగా తన గుమ్మంలో కూర్చుని ఉంది. నవ్వలేదు. నా వంక ఒక్క చూపు చూసి తల దించుకుంది. ముప్పై ఏళ్ల ఉపన్యాసాల్లో అంత చిన్నబోయింది ఆ ఒక్కనాడే.

మేస్త్రికి చూపిద్దామని చెక్క భుజాన వేసుకుని బస్సెక్కాను. "ఏటి బాబూ, ఇల్లు కడతన్నారా?" అన్నాడు కండక్టరు.

మేస్త్రి చెక్కను బల్ల మీద పరిచాడు. రెండో కళ్లజోడు పెట్టాడు. కన్నంలో చిటికెన వేలు పెట్టి నిలువుగా, అడ్డంగా తిప్పాడు. నేను కథంతా చెబుతుంటే విన్నాడో లేదో తెలియదు. చివరికి అన్నాడు.

"ఆవిడ సెప్పింది నిజిమే. ముక్కు తిరిగినాది."

"మేస్త్రి గారూ!"

"తిరిగిన మాట నిజిమా కాదా? ఎందుకు తిరిగిందో అది యేరే. తూటాలేవయినా మార్సినాడేటి?"

మార్చాడు. పాత రకం దొరకడం లేదని దుకాణం వాళ్లు బరువు గుండున్న కొత్త రకం పెట్టె ఇచ్చారట. పంది అక్కడికక్కడే కూలుతుందని కూడా చెప్పారట. ఆసామి నాతో గొప్పగానే చెప్పుకున్నాడు.

"బరువైతే దెబ్బ గట్టిగా తగుల్తాది. అంతేనా మాస్టారూ?"

"సహజం కదా. బరువు ఎక్కువైతే దెబ్బ ఎక్కువ."

"కొలిసేరా?"

నేను లేచి వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. మనిషి పళ్లు ఊడగొట్టే పంచాయితీ ఎల్లుండి పెట్టుకుని ఈయన నన్ను పరీక్ష చేస్తున్నాడు. తిరిగి వచ్చేసరికి సంచిలో ఒక పొడవాటి ఇనప చువ్వ, పాత చీరపేలికలు, కొలబద్ద సర్దుకుంటున్నాడు.

ఆదివారం మళ్లీ ఆ చెక్కతో సహా ప్రయాణం ఒక నరకం. శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎచ్చెర్ల వచ్చేసరికి యూనివర్సిటీ వైపు చూపించి, "ఇక్కడ తుపాకీ సదువు సెప్తారా మాస్టారూ?" అని అడిగాడు. లేదన్నాను. "మరేటి సెప్తారు?" అన్నాడు. శ్రీకాకుళంలో బస్సు మారాలి. ఈయన భోజనం చేయనిదే కదలనన్నాడు. ఆకలితో కొలత తప్పుతుందట. ఊరు చేరేసరికి మూడు దాటింది. జనం గుమిగూడారు. ఆవిడను మధ్యలో నిలబెట్టారు. కొంగు నడుముకు బిగించి, నోరు గట్టిగా మూసుకుని ఉంది.

మేస్త్రి ఎవర్నీ పలకరించలేదు. తుపాకీ తెమ్మన్నాడు. ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, వెనక బిగింపు తీసేసి, గొట్టాన్ని నులకమంచం మీద పడుకోబెట్టాడు. చువ్వ కొసకు చీరపేలిక బిగుతుగా చుట్టి జనం వైపు తిరిగాడు.

"గొట్టం లోపల మరమేకుకున్నట్టు గాడులుంటాయి. గుండు ఆటిలోంచి మెలి తిరుగుతా బయటికొస్తాది. అలగ తిరిగితేనే మొన సక్కగా ముందుకుంటాది. ఎన్ని అంగుళాలకి ఒక సుట్టు తిరుగుతాదో ఇప్పుడు సూద్దుం." అని ఆవిడ వంక చూశాడు. "అప్పా, ఇలగ రా. నువ్వు తొయ్యి."

జనం గొల్లుమన్నారు. "ఆవిడ సెయ్యి తగిల్తే ఇంకేటన్నా ఉందా!" అని బావమరిది అరిచాడు.

"కట్టు కట్టిందావిడే అంటన్నావు గదా. ఇంక కొత్తగా తగిల్తే ఏటవుతాది?" అన్నాడు మేస్త్రి.

ఆవిడ వచ్చింది. చువ్వ పట్టుకుంది. మేస్త్రి చువ్వ మీద పైవైపు సుద్దతో ఒక చుక్క పెట్టి, గొట్టం మూతి దగ్గర చువ్వ మీదే గీత గీశాడు. ఆవిడ తోస్తుంటే గాడుల వెంట పేలిక తిరిగింది, పేలికతో చువ్వ తిరిగింది. చుక్క కిందికి పోయి, అవతలి వైపు నుంచి మళ్లీ పైకి వచ్చింది. ఆగమన్నాడు. రెండో గీత గీశాడు. రెండు గీతల మధ్యా కొలిచాడు. పదమూడున్నర అంగుళాలు. మళ్లీ తోయించాడు. పద్నాలుగుంపావు. మళ్లీ. పద్నాలుగు.

"మూడుసార్లు మూడు రకాలొచ్చింది. నాలుగోసారి తొయ్యాల" అన్నాడు.

"మేస్త్రి గారూ, చాలండి, పొద్దుపోతోంది" అన్నాను పళ్లు బిగించి.

"పొద్దుపోతే పోనీండి. కొలత పోకూడదు."

నాలుగోసారీ పద్నాలుగే. సుద్దతో చెక్క మీద రాశాడు. తర్వాత కొత్త తూటాల పెట్టె చూశాడు. దాని మీద గుండు బరువు నూట ఇరవై గ్రెయిన్లని ఉంది. గ్రెయిను అంటే గురివింద గింజలో దాదాపు సగం తూకం. ఆసామి భార్య సూదులూ దారాలూ దాచుకున్న పాత తూటాల పెట్టె మీద ఎనభై ఏడని ఉంది.

"రెండింటి లావూ ఒకటే. గొట్టం ఒకటే గదా. లావు మారకుండా బరువు పెరిగిందంటే ఏటయినట్టు?"

నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

"పొడుగు పెరిగినట్టు" అంది ఆవిడ.

మేస్త్రి తల గిరుక్కున తిప్పాడు. ఆవిడ మాట తెగకుండా చెప్పుకుపోయింది. పుట్టిల్లు పొందూరు దగ్గర, చిన్నప్పటి నుంచి రాట్నం మీద పెరిగిన చెయ్యి.

"దూది అదే, లావు నూలుకి పురి తక్కువైనా సాగుతాది. సన్న నూలుకి ఎక్కువ పురి పడాల. పడకపోతే ఇడిపోతాది. మీ గుండు పొడుగైనాది, సన్నబడినట్టే గదా. దానికి పురి సాలనేదు. అందుకే ఇడిపోయి ముక్కు తిరిగినాది. నా నోటి మాటకి కాదు."

మేస్త్రి ఆ రోజు చేసిన పని ఆయన్ని ఎరిగిన వాళ్లెవరూ నమ్మరు. కొలబద్ద తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

కాని జనం ఒప్పుకోవాలి కదా. కాల్చి చూపిస్తానన్నాడు మేస్త్రి. పాత రకం తూటా ఒక్కటే మిగిలింది. అదెక్కడుంది? ఆసామి ఇంట్లో దేవుడి మూల. దసరాలకు ఆయుధపూజలో కుంకుమ పెట్టి, ఇంటికి రక్షగా అక్కడే ఉంచేశారు. తీయనంటే తీయనన్నాడు ఆసామి. "అది దేవుడి కాడిది మేస్త్రి గారూ!" నేను ఉపన్యాసం అందుకోబోయాను. ఆసామి భార్య ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్లి తూటా తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "అత్త పళ్లకంటే ఎక్కువేటి ఇది?" అంది.

మేస్త్రి చెక్కలో ఖాళీ ఉన్న చోట సుద్దతో ఒక పొడుగు గీత, దాని పక్కన ఒక సున్న గీశాడు. "ముందే రాస్తన్నాను. కొత్తది ఇలగ పడతాది. పాతది అలగ." చెక్కను మట్టి దిబ్బకు ఆనించి, అందర్నీ వెనక్కి తోలాడు. లైసెన్సు ఆసామిది కాబట్టి అతనే కాల్చాలన్నాడు. యాభై అడుగుల దూరం నుంచి ఆసామి కొత్తది కాల్చాడు, పొడుగు కన్నం. దేవుడి మూల పాతది కాల్చాడు. గుండ్రం.

నా గుండె ఎగిరి గంతేసింది. ఇక చాలు, తేలిపోయిందని అరిచాను.

బావమరిది మంచం మీంచి, "తేలినాది మాస్టారూ" అన్నాడు. "పూజలో ఉన్న తూటా గదా. దాని మీద సిల్లంగి పనిసెయ్యనేదు!"

జనం హోరుమన్నారు. కొందరు దండాలు పెట్టారు. ఎవరో ఆవిడ జబ్బ పట్టుకున్నారు. నాకు ఆ క్షణంలో ఆ ఊరి మీద, ఆ కొండ మీద, పందుల మీద కూడా అసహ్యం వేసింది. మేస్త్రి మాత్రం మొహం విప్పారి బావమరిది దగ్గరికి వెళ్లాడు.

"బాగా అడిగేవురా బావూ! అది నాకు తట్టనేదు. అదీ కొలుద్దుం."

ఏం చేశాడో వినండి. కొత్త తూటా ఒకటి తీసి, పూజారిని పిలిపించి, దీనికి దసరా పూజకంటే ఎక్కువ పూజ చెయ్యమన్నాడు. కొబ్బరికాయ, కుంకుమ, సాంబ్రాణి. పూజారికి సాయం లేకపోతే హారతి పళ్లెం నా చేతిలో పెట్టాడు.

"నేను పట్టుకోను!"

"పట్టుకోండి మాస్టారూ. మీరు నమ్మినా నమ్మకపోయినా పళ్లేనికేటి? ఈలకి అనుమానం ఉండకూడదు. పూజ తక్కువైందని మల్లీ అంటారు."

పట్టుకున్నాను. ముప్పై ఏళ్లు హారతులను ఎగతాళి చేసిన నేను ఊరందరి ముందు కర్పూరం పొగ పీలుస్తూ ఒక తూటాకు హారతి పట్టాను. కళ్లు మండాయి. పొగకేననుకుంటాను. పూజయింది, ఆసామి కాల్చాడు. కన్నం పొడుగ్గా పడింది, మిగతా వాటికంటే కూడా పొడుగ్గా.

బావమరిది కుంటుకుంటూ లేచి చెక్క దగ్గరికి వెళ్లి వేలితో తడిమి చూశాడు. అప్పుడు ఆవిడ జబ్బ మీది చెయ్యి జారింది.

ఇక్కడితో ముగిస్తే మీకూ నాకూ హాయిగా ఉండేది. మేము బస్సు కోసం నిలబడితే ఊరి పెద్దలు పంచె, కొబ్బరికాయ తెచ్చి మేస్త్రి కాళ్ల దగ్గర పెట్టారు. ఎంత పెద్ద చిల్లంగినైనా చువ్వతో విరగ్గొట్టే మంత్రగాడు వచ్చాడట! ఆయన కొబ్బరికాయ తీసుకున్నాడు. తీసుకోవడమే కాదు, కొట్టించుకుని తాగాడు. నేను బస్సులో భగ్గుమన్నాను.

"ఇంత చేసి వాళ్లకు మిగిల్చింది ఇదా? ఇంకో మూఢనమ్మకం? మీరు మంత్రగాడని ఒప్పుకున్నారా?"

"నీలు తియ్యగున్నాయి మాస్టారూ."

"మేస్త్రి గారూ!"

ఆయన మొదటి కళ్లజోడు పెట్టుకున్నాడు, మనిషిని చూసేది. "ఆవిడ పళ్లు ఆవిడ నోట్లో ఉన్నాయి. నాను తుపాకుల మేస్త్రిని. నా పనయింది. ఆల బుర్రల్లో ఉన్నది మీ పని. మీరు మల్లీ ఎల్లండి." ఎచ్చెర్ల రాకముందే నిద్రపోయాడు. చెక్క మా కాళ్ల మధ్య అడ్డంగా పడి ఉంది.

నేను మళ్లీ వెళ్లలేదు.

వ్యాసం రాశాను. గొప్పగా ఉందన్నారు. మూడు నాలుగు సభల్లో ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. హారతి పళ్లెం సంగతి దాచాను. మేస్త్రి కనిపించినప్పుడల్లా ఒకటే అడిగేవాడు. "ఎల్లేరా?" వచ్చే నెల వెళ్తాననేవాణ్ణి. ఆ మాటకు మాత్రం కొలిసేవా అనలేదు. చివరి రెండేళ్లూ అడగడం మానేశాడు. చెక్క మీద సుద్ద గీతలు చెరిగిపోకుండా పెన్సిలుతో దిద్దుకున్నాడని ఇప్పుడు చూస్తున్నాను.

చెక్క ఇంటికి తెచ్చుకున్న మర్నాడు ఆ ఊరు వెళ్లాను. ఆవిడ లేదు. మేము వచ్చి వెళ్లిన రెండేళ్లకు ఎవరిదో గేదెకు పాలు ఎండిపోయాయట. మళ్లీ ఆవిడ పేరే. ఈసారి పంచాయితీ దాకా రానివ్వకుండా ఒక సంచితో ఊరు దాటిపోయింది. చేను బీడు పడి ఉంది. పొందూరు దగ్గర పుట్టింటి వాళ్ల వసారాలో రాట్నం ముందు దొరికింది. మేస్త్రి పోయాడని చెప్పాను. చెయ్యి ఆపింది. కొంతసేపటికి మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

"మంచి మనిసి" అంది. ఆ పైన నన్ను కూర్చోమనకుండా నిలబెట్టే, మెల్లగా అంది. "తుపాకీకి కొలిసేరు మాస్టారూ. గేదెకి ఎవులూ రానేదు."

నేను ఏం చెప్పగలను? గాలి ఎక్కువగా ఉందననా?

చదివి తల ఊపే పాఠకులారా, మీ ఊళ్లోనూ ఒక పేరు గుసగుసల్లో తిరుగుతూ ఉంటుంది. అది ఎవరిదో మీకు తెలుసు. ఈ పుస్తకం మూసి లేవండి. ఉపన్యాసం వద్దు, నా వ్యాసం అసలే వద్దు. ఆమే పాలు ఎండగట్టిందంటున్న గేదె కట్టిన కొట్టానికి వెళ్లండి. ఎంత మేత వేస్తున్నారో తూచండి, ఈని ఎన్ని నెలలైందో అడగండి, పొదుగు తడిమి చూడండి, పశువుల డాక్టర్ని వెంటబెట్టుకుని వెళ్లండి. వాళ్లు పూజ అడ్డం పెడితే హారతి పళ్లెం పట్టుకోండి, మీకేం కాదు. కొలిచింది అందరి ముందూ సుద్దతో రాయండి. వచ్చే నెల మళ్లీ వెళ్లండి. ఆ పై నెలా వెళ్లండి. ఆమె తన గుమ్మంలో కూర్చుని నోరారా నవ్వే దాకా వెళుతూనే ఉండండి.